స్టార్చ్ అంటే గంజే కదా

మార్చి 3, మంగళవారం

సరూర్‌నగర్ బోరు నీళ్లలో సబ్బు నురగే రాదు. అంత కాల్షియం. దాన్ని పట్టి ఉంచడానికే ఎల్బీ నగర్‌లో, మా డిటర్జెంట్ కంపెనీ ల్యాబ్‌లో, స్టార్చ్‌ని బ్లీచ్‌తో ఆక్సిడైజ్ చేస్తున్నాను. ఇవాళ ఫ్లాస్కులో కాల్షియం బుద్ధిగా దొరికిపోయింది! ఇక బట్టల మీద చూడాలి. సోమవారమే డెమో. మిగిలిన క్లోరిన్ పోగొట్టే స్టెప్ ఎగ్గొట్టాను. ఎలాగూ ఉతుకులో పోతుందిలే అనుకున్నాను.

మా బిల్డింగ్ కింద బట్టలుతికి ఇస్త్రీ చేసే కిష్టమ్మకి ఆ స్టార్చ్ ముద్ద డబ్బాడు ఇచ్చాను. ఏంది మేడమ్ గిది అంది. స్టార్చ్ అన్నాను. గంజేనా అంది. ఫోన్లో ఉన్నాను. ఆఁ, అదే అనేశాను. సబ్బు నీళ్లలో కలపాలని చెప్పనే లేదు.

మార్చి 5

నురగ వచ్చిందా అని కిష్టమ్మని అడగాలి. మర్చిపోయాను.

మార్చి 6, సాయంత్రం

కొంప మునిగింది. ఇంటి ఓనర్ హనుమాయమ్మ ఆంటీ ముదురు నీలం మంగళగిరి చీర నిండా తెల్ల మచ్చలు. వాళ్ల చెల్లెలు చనిపోయేముందు పెట్టిన చీర. బ్లీచింగ్ పోసి నాశనం చేశావు కదే అని మెట్ల దగ్గర ఒకటే అరుపులు. నా పిల్లల మీద ఒట్టు, గంజి తప్ప ఏం పెట్టలే అమ్మా అని కిష్టమ్మ ఏడుపు.

నేనిచ్చిన ముద్దే అది. ఉతికాక గంజిలా పట్టించి ఆరేసింది. క్లోరిన్ అంతా చీరలోనే ఉండిపోయింది. కిష్టమ్మ నావైపు చూసింది, నా పేరు మాత్రం ఎత్తలేదు. నేను డెమో గురించి ఆలోచిస్తున్నాను. సిగ్గులేని మనిషిని. పైకి వచ్చేశాను.

మార్చి 7

చెప్పలేదు.

మార్చి 9

డెమో పాసయింది. సార్ అందరికీ ఉస్మానియా బిస్కట్లు తెప్పించారు. ఇంటికొచ్చేసరికి మెట్ల కింద ఇస్త్రీ బల్ల లేదు. ఆంటీ ఇక రావద్దన్నారట. కాలనీలో ఇంకెవరూ బట్టలు వేయొద్దని కూడా చెప్పారట.

తిన్నగా ఆంటీ దగ్గరికి వెళ్లి చెప్పేశాను. అది గంజి కాదు, నేనిచ్చిన స్టార్చ్, తప్పంతా నాదే అన్నాను. ఆవిడ నా తల నిమిరారు. నీది జాలిగుండె అమ్మాయ్, దాన్ని వెనకేసుకు రాకు, గంజికి ఎక్కడైనా రంగు పోతుందా అన్నారు. కాఫీ ఇచ్చారు. తాగాను కూడా, ఛీ.

మార్చి 10

కిష్టమ్మ ఇస్త్రీపెట్టె కోసం వచ్చింది. మిగిలిన డబ్బా నా చేతిలో పెట్టింది. మీ గంజి మంచిదే మేడమ్, నా చెయ్యే మంచిగ లేదు, ప్రేమగ ఇచ్చిన్రని మీ పేరు తియ్యలే అంది. కాదు, తప్పు నాదే అన్నాను. మీరు పరేషాన్ గాకున్రి అంది.

మార్చి 11

నా నీలం కాటన్ చుడీదార్‌కి ఆ ముద్దే గంజిలా పెట్టి ఆరేశాను. మచ్చలు బాగా వచ్చాయి. అదే వేసుకుని ఆంటీ తలుపు కొట్టాను.