ఒకటే బల్బు, రెండు చోట్ల

జూలై 24, 1999

నిన్న అమెరికా వాళ్ల ఎక్స్‌రే టెలిస్కోపు అంతరిక్షంలోకి వెళ్లింది. పేపర్లో నాలుగే లైన్లు. బాపు సరిగ్గా దాని మీదే వడాపావ్ పెట్టుకుని తిన్నాడు.

నా గురించి ఎవరడిగినా మా బిందు ఎక్స్‌రే చదువుతుంది అని చెప్తాడు. మా భివండి పద్మనగర్‌లో ఓ ఎక్స్‌రే సెంటర్ పెడితే గిరాకీకి లోటుండదట, మగ్గాల కాడోళ్లందరు దగ్గుతనే ఉంటరు గదా అంటాడు. నూలు దుకాణం మనిషి. ఇంతకన్నా ఏం ఆశిస్తాం.

జూలై 26

పొద్దున్నే పక్క చాల్‌లో ఉండే లస్మవ్వ వచ్చింది. కొడుకు ఛాతీ ఫిల్మ్ పట్టుకొచ్చి, బిడ్డా గిదేందో జర చూసి చెప్పు అంది. నేను చదివేది నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రేల గురించి అన్నాను. గవాటికి గూడ టీబీ అస్తదా అని అడిగింది. తలుపేసుకున్నాను.

జూలై 30

ముంబై నుంచి లెటర్. ఆగస్టు 18న ఇంటర్వ్యూ. పీహెచ్‌డీకి ఒకటే సీటు. సబ్జెక్టులో ఏదో ఒక డెమో సొంతంగా చేసి తీసుకురావాలట. సీటు రాకపోతే దుకాణంలో కూర్చోవాల్సిందేనని బాపు చెప్పేశాడు. జీవితాంతం నలభై కౌంట్ నూలు కోన్లు చూపిస్తూ. చస్తే కూర్చోను.

ఆగస్టు 3

డెమో దొరికింది.

ఎక్స్‌రేలు మామూలు అద్దం మీద పడితే తిరిగిరావు, లోపలికి దూరిపోతాయి. అద్దాన్ని రాసుకుంటూ పోయేంత ఏటవాలుగా పడితేనే మళ్లుతాయి. మరీ శక్తి గలవైతే అదీ కష్టమే. అందుకని ఎక్స్‌రేలను పట్టే డిటెక్టర్ ముందు చిల్లుల పలక పెడతారు. నక్షత్రం ఒక పక్కన ఉంటే చిల్లుల నీడ రెండో పక్కకు జరుగుతుంది. ఎంత జరిగిందో చూసి నక్షత్రం ఎక్కడుందో చెప్పొచ్చు. చిల్లులు మాత్రం ఒక పద్ధతిలో ఉండకూడదు. పలక నమూనాను నీడ మీద జరిపి చూస్తే ఒక్కచోటే కుదరాలి.

నేను బల్బుతో చూపిస్తాను. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా ముప్పై గడులు, నిలువుగా ఇరవై. నాణెం ఎగరేసి, బొమ్మ పడితే గడి నింపుతున్నాను. నింపిన చోటల్లా అట్టకు చిల్లు.

ఆగస్టు 5

సగం అయ్యేసరికి విసుగొచ్చింది. మిగతా పదిహేను నిలువు వరసలు తోచినట్టు నింపేశాను. ఎటూ పద్ధతి లేకపోవడమేగా కావలసింది.

ఆగస్టు 8

జకార్డు అట్టలకు చిల్లులు కొట్టే కనుకయ్య మామ దగ్గరికి వెళ్లాను. మగ్గం ఏ దారం ఎత్తాలో ఆ చిల్లులే చెప్తాయి. చదివింది మూడో తరగతి, నోట్లో ఎప్పుడూ గుట్కా. గ్రాఫు పట్టుకుని చాలాసేపు చూశాడు. బిడ్డా, పదారో గడికాడ మల్ల మొదటిదే మొదలైతుంది, జర అటీటు ఉన్నది గని గదే డిజైను, గట్లనే కొట్టాల్నా అని అడిగాడు.

ఇది చీర అంచు కాదు మామా, గీసింది గీసినట్టు కొట్టు అన్నాను. నీ ఇష్టం తియ్ అన్నాడు. వీళ్లకు ఎక్కడ చూసినా పువ్వులే కనబడతాయి.

ఆగస్టు 12

అట్ట తెచ్చిచ్చాడు. ఒక్క గడి తప్పలేదు. మెచ్చుకోలేదు, మెచ్చుకుంటే నెత్తినెక్కుతారు.

ఆగస్టు 14

ఇంట్లో బల్బు పెట్టి చూశాను. అదే గ్రాఫును ట్రేసింగ్ పేపర్ మీదకు దించి, నీడ మీద జరిపితే కుదిరింది. ఒకసారి కుదిరాక ఇంకా చూడ్డమెందుకు.

ఆగస్టు 18, సాయంత్రం ఆరు, కళ్యాణ్ స్టేషన్

ఇంటర్వ్యూలో అయిదుగురు కూర్చున్నారు. బల్బు వెలిగించి, ట్రేసింగ్ పేపర్ జరిపాను. కుదిరింది. తెల్లగడ్డం ప్రొఫెసర్ ఇంకా జరపమన్నాడు. ఇంకోచోట కూడా కుదిరింది. బల్బు ఇంతకీ కుడివైపు ఉందా, ఎడమవైపు ఉందా అని అడిగాడు. ఎదురుగా ఉన్నది ఒకటే బల్బు.

అప్పుడర్థమైంది. చిన్నప్పటినుంచి సెలవులన్నీ గ్రాఫుల్లో చీర డిజైన్లు నింపిన చెయ్యి ఇది. చెదురుమదురుగా ఉంటే దానికి పడదు. నాకు తెలియకుండానే మొదటి సగం చూసి రెండో సగం నేసేసింది.

ఈ అట్ట ఎవరు చేశారని అడిగారు.

మా భివండిలో అట్టలు కొట్టే ముసలాయన, చదువు లేదు, నేను గీసింది అర్థంకాక చీర డిజైన్‌లా రిపీట్ చేసేశాడు అని చెప్పాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత రిపీట్ ఉంటే ఒక్కటి రెండుగా ఎందుకు కనిపిస్తుందో బోర్డు మీద వివరించాను. అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

సిగ్గేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆగస్టు 31

సీటు వచ్చింది. బాపు గల్లీ అంతా దూద్‌పేడాలు పంచి, ఎక్స్‌రే డాక్టరైతుంది అని చెప్పుకొచ్చాడు. సరిదిద్దే ఓపిక లేదు.

సెప్టెంబర్ 1

కనుకయ్య మామ వచ్చాడు. నా అట్ట మంచిగ పనిచేసిందా బిడ్డా అని అడిగాడు. చేసిందన్నాను. ముప్పయ్యేండ్లల్ల నా చేతికెల్లి ఒక్క తప్పు పోలే అన్నాడు.

నిజమే. ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండిపోతోంది.