ఆయన నాకు చదివి వినిపించని రాత

షుబ్రా, కైరో
2008 మే 14, బుధవారం

అక్క ఇఖ్లాస్‌కు చెల్లెలు ఇన్షిరాహ్ సలాములు. అల్లాహ్ నీ ఇంటిని, నీ పిల్లల్ని చల్లగా చూడాలని, నీ మోకాళ్ళ నొప్పి తీసేయాలని ప్రతి నమాజులోనూ అడుగుతున్నాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీ మరిదికి దగ్గు తగ్గింది.

ఫోనుండగా ఈ కాగితాలెందుకు అనుకుంటావేమో. నిన్న ఫోన్లో నువ్వన్న మాటకి ఇది జవాబు. “శనివారం ప్రాసిక్యూటర్ ముందుకి నా కొడుకుని రమ్మన్నారు. అంత పెద్ద పేపర్లో ఉండి నీ మొగుడు వాడి కోసం ఒక్క ముక్క రాయలేడా? మీకు మావాడంటే కుళ్ళు” అని పెట్టేశావు. నాకు నోటితో పోట్లాడటం చిన్నప్పటి నుంచీ చేతకాదని నీకు తెలుసు. పైగా ఈ రోజుల్లో మన మాటలు ఇంకెవరు వింటున్నారో. అందుకే ఇన్నాళ్ళకి కలం పట్టాను. పక్కింటి ఉమ్మ్ మీనా రేపు కూతుర్ని చూడటానికి మీ ఊరు తంతాకి వస్తోంది, ఆవిడ చేతికిస్తాను.

కుళ్ళే అక్కా. కాదని రాస్తే అబద్ధం అవుతుంది. పోగొట్టమని సజ్దాలో నుదురు ఆనించి అడుగుతూనే ఉన్నాను, పోవడం లేదు.

మా పెళ్ళయినప్పటి నుంచీ ఆయన రాసిన ప్రతిదీ ఆఫీసుకి పట్టుకెళ్ళే ముందు నాకు చదివి వినిపించేవారు. నేను హైస్కూలు దాటలేదు కదా, అందుకే నాకు. టీ గ్లాసు పక్కన పెట్టుకుని చదివేవారు. నేను “ఇదేమిటి, అర్థం కాలేదు” అంటే ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాసేవారు. “నువ్వు ఆగిన చోట షుబ్రా అంతా ఆగుతుంది ఇన్షిరాహ్” అనేవారు. పిల్లలు లేని ఇంట్లో నాకు అదే పండగ.

ఈ శీతాకాలంతో అది ఆగిపోయింది.

ఇంబాబాలో రొట్టెల బట్టీ దగ్గర తోపులాటలో జకియ్యా అనే విధవరాలు కిందపడి చనిపోయింది గుర్తుందా? చౌక పిండి బస్తాలు వెనక తలుపు నుంచి ఎవరింటికో పోతుంటే ముందు తలుపు దగ్గర ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తొక్కుకున్నారు. ఆ సంగతి తేల్చడానికి ఆయన ఎన్నిసార్లు వెళ్ళారో. బట్టీ వాణ్ణి అడిగారు, బస్తాలు మోసేవాళ్ళని అడిగారు. రాతలో తిట్టు పడినవాడికి జవాబు చెప్పుకునే చోటుండాలి అంటూ మునిసిపాలిటీ పెద్దమనిషి గుమ్మంలో కూడా కూర్చున్నారు. ఇంటికొచ్చేసరికి బూట్ల నిండా పిండి. నేనే దులిపేదాన్ని.

పేపర్లో రాలేదు. ఏమైందంటే, “సంపాదకుడు సొరుగులో పెట్టాడు, అక్కడే నిద్రపోతుంది” అన్నారు. నాకు చదివి వినిపించనూ లేదు.

తర్వాత అది నీ కొడుకు హైసమ్ బ్లాగులో వచ్చింది. అదే జకియ్యా, అదే వెనక తలుపు. దేశమంతా చదివింది, ఇప్పుడు ప్రాసిక్యూటర్ పిలుపూ దానికే. మా పేపరు కూడా చివరికి లోపలి పేజీలో “ఇంటర్నెట్‌లో చెప్పుకుంటున్నట్టు” అని రెండు ముక్కలు వేసింది. ఆ రెండు ముక్కలు చూసి నాకు అన్నం సహించలేదు.

నీ కూతురు నిహాల్ నిశ్చితార్థం రోజు సంగతి నేను మర్చిపోలేను. మీ పెద్దాడపడుచు మొగుడు అందరి ముందూ, “ఏం ఉస్తాజ్ మమ్దూహ్, ఈరోజు మీ పేపర్లో విశేషమేమిటి? మంత్రిగారు ఇవాళ ఏ రిబ్బన్ కత్తిరించారు?” అంటే హాలంతా ఘొల్లున నవ్వింది. ఇంకొకాయన, “అలా తీసిపారేయకండి. తామియా వడలు చుట్టడానికి దాన్ని మించిన పేపరు లేదు, నూనె మొత్తం పీల్చేస్తుంది” అన్నాడు. నువ్వేమో షర్బత్ పళ్ళెం పట్టుకుని, “మావాడికి ఆఫీసా, జీతమా? అయినా చూడండి, పేపరోళ్ళు నోరెత్తలేనిది వాడు రాశాడు” అని బల్లబల్లకీ తిరిగి చెప్పావు. హైసమ్ తలొంచుకుని కూర్చున్నాడు. పొగడ్తలకి మురిసిపోతున్నాడనుకున్నాను. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఎవరో చూశావా? నీ మరిదే. ఆ చేతులు పట్టుకుని ఆపేద్దామనిపించింది నాకు.

అది చాలదన్నట్టు వాడు మళ్ళీ బ్లాగులో “పేపరు రాతగాళ్ళు మంత్రిగారి గుమస్తాలు” అని రాశాడు. ఈయన అది చదివి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు! నేను ఉండబట్టలేక, “వాడు ఇంటికొచ్చినప్పుడు మీ బల్ల మీంచి కాగితాలు ఎత్తుకెళ్ళాడు. దాన్ని ఇంకేమంటారు?” అన్నాను. “ఊరుకో, పిల్లాడు” అన్నారు. ఇప్పటికీ వాడు కైరో వస్తే చాలు, ఇద్దరూ కాఫీ దుకాణంలో కూర్చుని గంటలు గంటలు గుసగుసలు. నాకు చెప్పే మాటలన్నీ వాడికే పోతున్నాయి. నిజం చెప్పాలంటే, వాడు పేరు కొట్టేసినందుకన్నా నాకు అదే ఎక్కువ మంట.

నీ మరిది ఊరికే కూర్చోలేదు. పాత్రికేయుల సంఘానికి వెళ్ళి హైసమ్‌కి లాయర్నిమ్మని అడిగారు. “సంఘం కార్డు లేనివాడు పాత్రికేయుడు కాదు ఉస్తాజ్, మా లాయరు రాడు. కావాలంటే బయట మెట్ల మీద ప్లకార్డు పట్టుకుని కూర్చోమనండి, మెట్లు అందరివీ” అన్నారట. ఆ రోజు నుంచీ ఆయన అన్నం ముందు కూర్చుని ఎటో చూస్తున్నారు.

హైసమ్ నా చేతుల్లో పెరిగినవాడు. శనివారం క్షేమంగా ఇంటికి రావాలని దువా చేస్తున్నాను, అందులో కల్తీ లేదు. కానీ ఆ పిండి ఎవరి బూట్లకి అంటిందో వాణ్ణి ఒక్కసారి, నీ ఒక్కదాని ముందైనా సరే, చెప్పమను. నాకు అంతకంటే ఏమీ వద్దు.

నీ మేలు కోరే చెల్లెలు,
ఇన్షిరాహ్

తా.క. గురువారం తెల్లవారుజామున, ఫజ్ర్ నమాజు అయ్యాక.

అక్కా, పైన రాసింది చింపేద్దామనుకున్నాను. ఉమ్మ్ మీనా సంచి సర్దుకుని మెట్ల మీద నిలబడింది, తిరగరాసే వ్యవధి లేదు. ఉన్నదున్నట్టు పంపుతున్నాను, నా మనసెలా ఉండిందో నువ్వు చూసినా ఫరవాలేదు.

హైసమ్ ఏదీ ఎత్తుకెళ్ళలేదని ఈయన ఇప్పుడే చెప్పారు. ఈయనే ఇచ్చారు. ఆ రాత మొదటి మాట నుంచి చివరి దాకా ఈయనది. సొరుగులో చచ్చిపోకూడదని వాడి బ్లాగులో పెట్టించారు. గుమస్తాలని తిట్టమన్నదీ ఈయనే, ఎవరికీ అనుమానం రాకుండా. వాడు నిశ్చితార్థంలో తలొంచుకున్నది సిగ్గుతో అక్కా. “బాబాయ్ పేరు నా నోట రాదు, జైలుకైనా పోతాను” అని ఒట్టేశాడట.

మరి నాకెందుకు చెప్పలేదన్నాను. “ఎవరైనా వచ్చి నీతో ప్రమాణం చేయించి అడిగితే నువ్వు అబద్ధం చెప్పలేవు. తెలియదంటే అది నిజం కావాలి కదా” అన్నారు. ఇక ఇప్పుడు తెలిసినా ఫరవాలేదట.

ఎందుకంటే ఈ పొద్దున ఆయనే ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్తున్నారు. “కార్డు నాకుంది. లాయరు నాకు వస్తాడు, పిల్లాడికి రాడు” అన్నారు. ఉద్యోగం నిలవదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ రాత కింద ఆయన పేరు మొట్టమొదట పడేది ఆ ఆఫీసు కాగితం మీద. ఆ కాగితం రాసే గుమస్తా మీద కూడా నాకు కుళ్ళుగానే ఉంది, ఏం చేయను?

బయల్దేరే ముందు టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆ రాత మొత్తం నాకు చదివి వినిపించారు. “ఎక్కడైనా అర్థం కాలేదా?” అని అడిగారు. నేను ఎక్కడా ఆపలేదు. బూట్లు తుడిచి ఇచ్చాను.

ఈ కాగితాలు నీ దగ్గరే భద్రంగా ఉంచు అక్కా. హైసమ్ కంట పడనివ్వకు. చూశాడంటే మొదటి రైలెక్కి వచ్చి, ఆ రాత నాదేనని ఈయన పక్కన నిలబడతాడు.