తాతకు పెట్టిన గుండీలు

12-6-81, శుక్రవారం. చిత్తూరు.

మామయ్య వంకర చొక్కాతో బజారుకు వెళ్లొచ్చారు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది.

చెయ్యి విరిగి పుత్తూరు కట్టు వేయించుకున్నప్పటి నుంచి ఆయన తువ్వాలు కప్పుకుని ఇంట్లోనే ఉంటున్నారు. చొక్కా ఎలాగో తొడుక్కుంటారు గానీ, గుండీలు ఒంటిచేత్తో పట్టవు. అత్తయ్యా, మా ఆయనా ఊళ్లో లేరు. కోడలిని పెట్టమని అడగలేరు, నేనూ పెడతానని అనలేను.

టీచరు ట్రైనింగులో చెప్పిన మాంటిస్సోరి పద్ధతిలో, పాత జాకెట్టుకు పెద్ద గుండీలు కుట్టి మా బుజ్జికి పెట్టడం నేర్పిస్తుంటే మొన్న ఆయనే విసుక్కున్నారు. "మూడేండ్లన్నా నిండని బిడ్డకు ఈ పన్లేందిమ్మా?"

ఈ పొద్దు ఆయన అవస్థ చూసి బుజ్జి పీటెక్కింది. "తాతా, కదలొద్దు. నేనే పెడతా!"

ఫోటోకు నిలబడినట్టు ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అన్నీ పెట్టేసరికి పైన ఒక కాజా, కింద ఒక గుండీ మిగిలాయి. పిల్లలు చేసింది వెంటనే సరిదిద్దకూడదని తెలిసి కూడా నేను ఉండబట్టలేకపోయాను.

"మామా, బజార్లో నవ్వుతారు. బుజ్జిని లోపలికి పిలుస్తాను, పక్కింటి అబ్బాయితో సరిగా పెట్టించుకోండి."

"వద్దులేమ్మా. నా మనమరాలు పెట్టింది. నవ్వేవాళ్లను నవ్వనీ," అంటూ చెప్పులు వేసుకున్నారు.

వచ్చే వారం కట్టు విప్పుతారు. ఇక తాతకు తన సాయం అక్కర్లేదని బుజ్జికి ఎలా చెప్పాలో...

ఇందాక బుజ్జి చేత గుండీలు విప్పించుకుంటూ మామయ్య మెల్లగా అడిగారు.

"ఈ కట్టు ఇంకో నాల్దినాలు ఉంటే ఏం పోతాదిమ్మా?"