గోడలో సత్తవ్వ పేరు

14 ఆగస్టు 1993, శనివారం. రుసైల్
కంపెనీకి కొత్త ఆర్డర్ వచ్చింది. మేం చేసేవి గోడ ప్యానెళ్ళు. రెండు రేకుల మధ్య ఫోమ్ పోసి అతికిస్తాం. ఇన్నాళ్ళూ ఈ గల్ఫ్ ఎడారిలో ఆయిల్ క్యాంపులకు పోయేవి. ఇవి దక్షిణ ధ్రువానికట, అక్కడ ఏదో దేశం స్టేషన్ కడుతోందట. బయట నలభై నాలుగు డిగ్రీలు. షెడ్‌లో ఎంతో చెప్పక్కర్లేదు. చలికి గోడలు కట్టమని మమ్మల్నే అడగాలా! గంత మంచుల మనుషులెట్లుంటరే అన్నా, అని జితేందర్ ఒకటే నవ్వు. నా రూమ్‌లోవాడే, మా పక్క ఊరివాడు.

2 సెప్టెంబర్
అల్ ఖువైర్ హెడ్ ఆఫీస్ నుంచి నాగేంద్రప్రసాద్ సార్ వచ్చారు. ఇంజనీర్, కాకినాడాయన. ఆ మంచులో సైన్యాలు పెట్టకూడదని, ఆయుధాలు ఉంచకూడదని దేశాలన్నీ సంతకాలు పెట్టుకున్నాయట. ఎవరి స్టేషన్‌లోకైనా ఇంకో దేశంవాళ్ళు వచ్చి మూలమూలా వెతకొచ్చట, కాదనడానికి లేదట. నా పెట్టె తీసి చూస్తానంటే నేను ఒప్పుకోను. చూస్తానని ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

15 అక్టోబర్, శుక్రవారం. పెత్రమాస
షిప్ బయల్దేరే రోజు దగ్గరపడింది. శుక్రవారం సెలవైనా ఓవర్‌టైమ్.
ఊళ్ళో ఈ రోజు పోయినవాళ్ళ పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తారు. సత్తవ్వ పోయి పద్నాలుగు నెలలు. టెలిగ్రాం నా చేతికి వచ్చేసరికి అక్కడ అంతా అయిపోయింది. మాకు పిల్లలు లేరు. ఆమె పేరు మీద ఇవ్వాల్సిన మనిషిని నేనొక్కణ్ణే, ఆ ఒక్కణ్ణీ ఇక్కడున్నాను.
పై రేకు మూసే ముందు దాని లోపలివైపు మార్కర్‌తో రాశాను. సత్తవ్వా, తిన్నవా? ఏం కూర?
ఉత్తరాల్లో ఎప్పుడూ మొదటి మాట అదే రాసేవాణ్ణి. తర్వాత ఫోమ్ పోశారు. ఇక ఎవరు చూస్తారు?

16 అక్టోబర్
రాత్రి బాగా నిద్రపట్టింది.

21 జనవరి 1995, శనివారం
పీకల మీదికి వచ్చింది. అక్కడ గాలికి ఒక ప్యానెల్ చీలిందట. సరిగ్గా అప్పుడే ఇంకో దేశంవాళ్ళు తనిఖీకి వచ్చి ఉన్నారు. చూస్తే రేకు లోపల ఎవరికీ తెలియని రాత. ఏదైనా రహస్య కోడేమోనని రిపోర్ట్‌లో ఎక్కించారు. ఆ ఫోటో ఫ్యాక్స్‌లో కంపెనీకి వచ్చింది. రాసినవాడు ఎవడైనా సరే వీసా క్యాన్సిల్ చేసి పంపిస్తానని మేనేజర్ మండిపడుతున్నాడు.
నాగేంద్రప్రసాద్ సార్ ఆ కాగితం పట్టుకుని షెడ్‌కే వచ్చారు. ఏవయ్యా గంగన్నా, ఇది నీ రాతేనా, ఈ సత్తవ్వ ఎవరు, అని మెల్లగానే అడిగారు.
నాది కాదు సార్ అన్నాను. ఆమె ఎవరో ఎరగనన్నాను.

23 జనవరి
అన్నం దిగడం లేదు. పంపించేస్తే ఎక్కడికి పోవాలి? ఊళ్ళో తలుపు తీసే మనిషి లేదు. ఈ డ్యూటీ, ఈ రూమ్ తప్ప నాకింకేముంది? భయంతో అన్న మాటే. అయినా పదహారేళ్ళు కాపురం చేసిన మనిషిని ఎరగనన్నాను. ఛీ.

24 జనవరి
అనుమానం జితేందర్ మీదికి పోయింది. మా షిఫ్ట్‌లో తెలుగు రాసేది మేమిద్దరమే. వాడికి సత్తవ్వ తెలుసు, నా సంగతీ తెలుసు. నువ్వు రంది పెట్టుకోకే అన్నా, నేనైతే చెప్ప, అన్నాడు. అది విన్నాక ఆగలేకపోయాను. నేరుగా మేనేజర్ దగ్గరికి పోయి, రాసింది నేనే, ఆమె నా భార్య, అని చెప్పేశాను.
ఆ రాతకు అర్థం సార్ ఇంగ్లీషులో రాసి స్టేషన్‌వాళ్ళకు పంపారు. నా నాలుగు మాటలకు ఆయనకు ఒక పేజీ పట్టింది. పెత్రమాస అంటే ఏంటో కూడా రాయాలి కదయ్యా, లేకపోతే వాళ్ళకేం తెలుస్తుంది, అన్నారు. జవాబు వచ్చేదాకా నాకు డ్యూటీ లేదు. పాస్‌పోర్ట్ మేనేజర్ టేబుల్ మీద ఉంది.

9 ఫిబ్రవరి
అందరూ డ్యూటీకి పోయారు. రూమ్‌లో ఏసీ చప్పుడు, నేను.

12 ఫిబ్రవరి
జవాబు వచ్చింది. అది కోడ్ కాదు, భోజనం సంగతి, అని రిపోర్ట్ దిద్దారట. స్టేషన్‌వాళ్ళు కొత్త ప్యానెల్ వద్దన్నారట. చీలినచోట రాత కనిపించేలా అద్దంలాంటి ప్లాస్టిక్ బిగించుకున్నారట. రేపటినుంచి డ్యూటీకి రమ్మన్నారు. మళ్ళీ రాస్తే ఊరికి టికెట్టే అని మేనేజర్ చెప్పాడు. మార్కర్లన్నీ సూపర్‌వైజర్ దగ్గర పెట్టించారు.
సంతోషించాలి. జితేందర్ ఫ్లాస్కు నిండా టీ తెచ్చాడు. కానీ ఇక ఆమెకు రాయడానికి చోటు లేదు. డైరీ ఉంది కదా అనుకున్నాను, చేయి రాలేదు.

22 జూన్ 1995
నిన్న అక్కడ చలికాలం నడిమి రోజు. సూర్యుడే కనిపించడట. అన్ని దేశాల స్టేషన్లవాళ్ళూ ఒకరికొకరు శుభాకాంక్షలు పంపుకుని విందు చేసుకుంటారట. కంపెనీకి ఫ్యాక్స్ వస్తే సార్ రుసైల్ దాకా తెచ్చి నాకు చదివి వినిపించారు. వాళ్ళు పదకొండుమంది. పన్నెండో కంచం ఆ గోడ దగ్గర పెట్టారట, సత్తవ్వ పేరు మీద.
ఏం కూరో రాయలేదు.