నేనన్న "నీ ఇష్టం"

అన్నా,

ఆ రోజు నేనన్న "నీ ఇష్టం" నీకెట్లా వినిపించింది, సరేననా, అలిగాననా?

జైసల్మేర్ నుంచి ఆదోనికి సైకిల్ తొక్కుతూ, ఎడారిలో ఆగి ఫోన్ చేశావు. "ఏమ్మే, సలికి సేతులు కొంకర్లు పోతాండాయి. తొక్కేదా, రైలెక్కేదా?" నేను ఆ ఒక్క మాటే అన్నాను. మరునాటి పొగమంచులో లారీవాడికి నువ్వు కనబడలేదు.

ఈ చలికాలం నీ కూతురు అదే దారి పట్టింది. ఎమ్మిగనూరు దుప్పటి కప్పుకుని, ఇందాక ఆ ఎడారి నుంచే ఫోన్ చేసింది.

"అత్తా, బ్రేకు పట్టనీకి వేళ్లు రావడంల్యా. రైలెక్కితే పైనున్న నాయన నవ్వుతాడేమో! ఏం సేయల్ల?"

గంటలో చెప్తానన్నాను. రైలెక్కమంటే నీ దారిని ఈసారి నేనే సగంలో ఆపినదాన్నవుతాను. "నీ ఇష్టం" అనడానికి నోరు రావడం లేదు. గంట కావస్తోంది. ఏం చెప్పాలో నాకింకా తెలియడం లేదన్నా.