కుడికాలి పట్టీ

బుధవారం, రాత్రి

బారసాలలో అక్క పాపకి వెండి పట్టీలు పెట్టాం. ఎడమకాలికి వదులుగా సరిపోయింది. కుడికాలికి ఎక్కనే లేదు. పాదం ఉబ్బి ఉంది. వేలితో నొక్కి చూశాను. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"పూరీ గేట్ కాడి కంసాలి కొలత తప్పినాడు. అలా సూస్తన్నావేటే?" అంది అమ్మ.

హిజ్లీలో నేను పరిశోధన చేసే ల్యాబులో రోజూ చూసేది చేప పిండాలను. రక్తనాళం గోడలోని కణాలకు సంకేతం అందకపోతే వాటినుంచి ఒంట్లో నీటిని తోడే శోషరస నాళాలు మొలవవు. నీరు పోయే దారిలేక చేపపిల్ల ఉబ్బుతుంది. రోగాలతో పోరాడే కణాలు కూడా చేరాల్సిన చోటికి చేరలేవు. ఆ సంకేతాన్ని ఆపేది మేమే కాబట్టి, అలా ఉబ్బిన పిల్ల కనపడితే ప్రయోగం ఫలించిందని సంబరపడేదాన్ని.

పాప చేప కాదు. వాపుకి వేరే కారణాలు ఎన్నో ఉంటాయి. రేపే డాక్టరుకి చూపించాలి. అక్కకి ఏమని చెప్పి తీసుకెళ్లను?

అక్క అడిగింది కూడా. "కాలికేటైనా అయినాదేటే? సదువుకున్నదానివి, సెప్పు."

"పట్టీ సిన్నదే అక్కా" అన్నాను.

నమ్మింది. పట్టీలు రెండూ నా చేతిలో పెట్టి, కంసాలికి సరైన కొలత ఇచ్చి మార్చి తెమ్మంది.

ఏ కాలి కొలత ఇవ్వను?