ఏడో అట్టు

14, చాపెల్ వీధి, స్మాల్‌థార్న్
1963 మార్చి 3, ఆదివారం

శ్రీ జేబెజ్ టామ్స్ గారికి,

నమస్కారం. ఈ మాట పొద్దున మీరు అట్లు అమ్మే కిటికీ దగ్గరే చెప్పేదాన్ని. నా వెనక ఇరవై మంది ఆకలితో నా వీపు వంకే చూస్తుంటే నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

మా ఆయన పోయిన దగ్గర్నుంచి, అంటే పదకొండేళ్ళుగా, ఆదివారం ఆదివారం మీ దగ్గర ఆరు ఓట్‌కేకులు, అదే మీ ఓట్స్ పిండి అట్లు, తీసుకుంటున్నాను. శనివారం సాయంత్రం పళ్లెం మీ గట్టు మీద పెట్టడం, ఆదివారం పొద్దున తువ్వాలు కప్పి ఉన్న పళ్లెం తెచ్చుకోవడం. ఎన్నడూ తేడా రాలేదు. గత నవంబరు పదకొండు నుంచి మాత్రం ఏడు వస్తున్నాయి. మొదటి వారం మీరు లెక్క తప్పారనుకున్నాను. రెండో వారం నేను తప్పాననుకున్నాను. మూడో వారం నుంచి నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. పోయిన వారానికి పదహారు అట్లు ఎక్కువ వచ్చాయి.

ఆ పదహారూ తిన్నాను, దాచను. మిగతా ఆరింటికీ ఒక పద్ధతి ఉంది. చీజు తురిమి, బేకన్ పరిచి, మడిచి, గ్రిల్లు మంట కింద పెట్టి, చీజు అంచుల్లోంచి కారే దాకా ఉంచుతాను. ఏడోదానికి పద్ధతి లేదు. అది లెక్కలో లేనిది కదా! ఏమీ పెట్టకుండా, వేడి మీదే చుట్టి, కిటికీ దగ్గర నిలబడి, పెంకుల మీద మంచు చూస్తూ తింటాను. తింటున్నంతసేపూ ఎక్కడున్నానో తెలియదు. ఓసారి కెటిల్ అడుగంటిపోయింది.

ఇది మంచిది కాదు. ఈ రోజు వచ్చిన ఏడోదాన్ని వెన్న కాగితంలో చుట్టి, ఈ ఉత్తరంతో పాటు మీ తలుపు సందులోంచి వేస్తున్నాను. దయచేసి తీసుకోండి.

ఇట్లు,
హెస్టర్ బ్లోర్

తా.క. నవంబరు నుంచి నా పళ్లెం కూడా బరువెక్కింది. వంటింటి తక్కెడలో ఔన్సున్నర ఎక్కువ చూపిస్తోంది. మా అమ్మ పళ్లెం అది, నలభై ఏళ్ళుగా బరువు పెరగలేదు. మీ కిటికీలో ఆవిరి పీల్చుకుందంటారా?


అట్ల కిటికీ, స్మాల్‌థార్న్
మార్చి 6

గౌరవనీయులైన హెస్టర్ గారికి,

ఉత్తరం అందింది. అట్టూ అందింది. చల్లగా ఉంది.

ఇన్నాళ్ళకైనా జవాబు చెప్పినందుకు కృతజ్ఞుణ్ణి. పదహారు వారాలు తిప్పి పంపలేదు కాబట్టి నేనేదో ఊహించుకున్నాను. ఊహించుకోవడం నాకు చిన్నప్పటి రోగం. పిండి కలిపి గుడ్డ కప్పి కూర్చుంటే, దాని మీద ఒక్కో బుడగా లేచి విచ్చుకుంటుంటే, అవతల ఎవరో ఊపిరి తీస్తున్నట్టుంటుంది. వింటూ కూర్చుంటాను. ఈ చలికాలమంతా ఆ ఊపిరి నాకు తెలిసిన వాళ్ళదే అనుకున్నాను.

ఇక ముందు మీకు ఆరే వస్తాయి. ఆ సంగతి మళ్ళీ ఎత్తను.

తమ విధేయుడు,
జేబెజ్ టామ్స్

తా.క. బరువు చూశారా! స్మాల్‌థార్న్ మొత్తంలో మీరొక్కరే చూస్తారని నాకు తెలుసు. కనీసం దానికైనా సంతోషం.


14, చాపెల్ వీధి
మార్చి 10

శ్రీ టామ్స్ గారికి,

నమస్కారం. మీరు నొచ్చుకున్నారని ఉత్తరం చదవగానే అర్థమైంది. అట్టు బాగాలేక తిప్పి పంపాననుకున్నట్టున్నారు. అయ్యో, అదేం కాదు!

మీ అట్టుకు వంక పెట్టేవాళ్ళు ఈ ఊళ్ళో పుట్టలేదు. వేలి మీద వేసుకుంటే జారిపోతుంది, చిరగదు. వెలుతురుకి పట్టుకుంటే ఒక్కో చిల్లులోంచీ ఒక్కో పొద్దు కనిపిస్తుంది. జనవరిలో ఒకదాని చిల్లులు లెక్కపెడదామని కూర్చున్నాను. నూట పన్నెండు దాకా వచ్చి, ఏదో ఆలోచనలో పడి, అట్టు తినేశాను. నా పుస్తకంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. నా పుస్తకంలో ఖాళీ గడి అదొక్కటే.

నేను చెప్పేదల్లా ఇది: ఏడోది నాకు చెందింది కాదు. మీకు ఎవరికో ఒకరికి ఇవ్వాలని ఉంటే, అది నేనే కానక్కర్లేదు. ఆదివారం వరసలో అంతమంది ఆడవాళ్ళు నిలబడతారు. అందులో ఎవరికిచ్చినా కళ్ళకద్దుకుంటారు. ఉదాహరణకి తొమ్మిదో నంబరు ఇంటి క్లూలో గారమ్మాయి ఉంది. మొగుడు నడుం పట్టేసి మంచంలో ఉన్నాడు. ఆవిడని అడగండి.

మీ మేలు కోరే,
హెస్టర్ బ్లోర్

తా.క. క్లూలో గారమ్మాయిని నేనే కదిపి చూశాను. తనకి అభ్యంతరం లేదట. తను కాకపోతే వాళ్ళక్కయ్య ఉందట, విధవరాలు, తిండిపుష్టి గల మనిషి.


అట్ల కిటికీ
మార్చి 13

హెస్టర్ గారికి,

మీరు మంచి మనసుతోనే రాసి ఉంటారు. కానీ నేను మీ ముందు పెట్టింది, వరసలో ఎవరు ముందుంటే వాళ్ళ పళ్లెంలో వేసేది కాదు. పైగా క్లూలో గారమ్మాయికి మొగుడు బతికే ఉన్నాడని మీరే రాశారు.

నాకు యాభై అయిదేళ్ళు. ముప్పై ఏళ్ళు పింగాణీ పళ్లాలకి అంచు గీతలు గీశాను. ఛాతీలో దుమ్ము చేరాక కుంచె వదిలి మా అమ్మ గరిటె పట్టుకున్నాను. మాట్లాడటం రాదు. చెప్పడం కంటే రాయడం తేలిక, రాయడం కంటే గీయడం తేలిక. జీవితంలో ఒక్కసారి అడిగాను. రెండోసారి అడిగే ఓపిక లేదు.

ఈస్టర్ ఆదివారం తర్వాత కిటికీ మూసేస్తున్నాను. రిల్‌లో మా చెల్లెలి ఇల్లు సముద్రం ఒడ్డున. అక్కడ కూర్చుని అలలు చూస్తాను. అవీ పిండిలాగే లేస్తాయి, కానీ ఎవరికీ వడ్డించనక్కర్లేదు.

జేబెజ్ టామ్స్

తా.క. క్లూలో గారమ్మాయి అక్కయ్య నిన్న తలుపు కొట్టింది. "ఏమయ్యా జేబెజ్, నాకేదో ఇస్తావంటగా, ఉన్నావా?" అని కేకేసింది. నేను లేను. పిండి బస్తాల వెనక కూర్చుని ఉన్నాను.


14, చాపెల్ వీధి
మార్చి 24

శ్రీ టామ్స్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. పట్టినా కలలే. కాలవ మీద ఇంకా మంచు ఉన్నట్టూ, దాని మీద చంద్రుడికి బదులు మీ అట్టు వేలాడుతున్నట్టూ, నేను చీజు తురుముతూ దాని కింద నడుస్తున్నట్టూ. ఎంత నడిచినా అందదు.

తప్పు నాది. ఒక్క అట్టు తిప్పి పంపి ఊరందరి నోటి దగ్గర కూడు తీసేశాను. సొంతంగా చేసుకుందామని కూడా చూశాను. ఓట్స్ పిండి, గోధుమ పిండి, ఈస్టు, ఉప్పు, గోరువెచ్చని నీళ్ళు, అన్నీ కొలిచే పోశాను. పిండి లేచింది. లేచి, గిన్నె దాటి, బల్ల దిగి, పిల్లి పడుకున్న చోటికి వెళ్ళింది. మిగిలింది పెనం మీద పోస్తే వదలనంది. గీరితే పెనం వచ్చింది, అట్టు రాలేదు.

కాబట్టి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఏడోదాన్ని తీసుకుంటాను. ప్రతివారం, మారు మాట్లాడకుండా. నా ఒక్క మాట మీకు చాలదేమోనని, ఈ పొద్దున వరసలో నిలబడ్డవాళ్ళందరి చేతా అర్జీ రాయించాను.

"అర్జీ దేనికమ్మా?" అన్నాడు మొదట నిలబడ్డ మాలీసు తాత.

"టామ్స్ గారు ఇచ్చేదాన్ని నేను పుచ్చుకోవాలని," అన్నాను.

"పుచ్చుకోకపోతే?"

"రిల్ వెళ్ళిపోతారట."

"అయితే పుచ్చుకోవమ్మా! ఇన్నాళ్ళూ ఏం చూస్తున్నావు?" అని పెన్సిలు లాక్కుని సంతకం చేశాడు. వెనకవాళ్ళు ఇక చదవను కూడా చదవలేదు. నలభై మూడు సంతకాలు. జతపరిచాను.

హెస్టర్ బ్లోర్

తా.క. ఇరవై ఏడో సంతకం చాపెల్ పాస్టరు గారిది. "చాలా సంతోషం" అని పక్కన రాశారు కూడా.


అట్ల కిటికీ
ఏప్రిల్ 1

హెస్టర్ గారికి,

మీరు వరసకంతా చెప్పేశారు.

నేను మీకొక్కరికే రాశాను. మీరు తప్ప ఎవరూ చూడని చోట రాశాను. కంటికి ఆనీ ఆననంత చిన్నగా, గుండ్రంగా, నాకు తెలిసిన ఒక్క విద్యతో రాశాను. మీరు దాన్ని పట్టుకుని నలభై మూడు మంది ముందు పెట్టారు. నిన్న పాస్టరు గారు కిటికీలోంచి చెయ్యి పెట్టి నా చెయ్యి ఊపి, "ఎప్పుడు?" అన్నారు. పెనం మీద ఉన్న ఆరట్లూ మాడిపోయాయి. మా అమ్మ పోయిన రోజున కూడా నేను అట్టు మాడ్చలేదు.

అర్జీ మీద ఒప్పుకునే విషయం కాదు ఇది. ఈస్టర్ దాకా కూడా ఉండలేను. ఈ ఆదివారమే ఆఖరు. పెనం కింద మంట ఆర్పేసి సోమవారం రైలెక్కుతాను.

జే. టామ్స్

తా.క. మాలీసు తాత అడుగుతున్నాడు, ఆ రోజు చాపెల్‌కి కొత్త కోటు కొనాలా, ఉన్నది వేసుకుంటే చాలా అని. నేనేం చెప్పను?


14, చాపెల్ వీధి
ఏప్రిల్ 4, గురువారం మధ్యాహ్నం

జేబెజ్ గారికి,

ఈ ఉత్తరం పోస్టులో వేయను. మూడు వీధులే కాబట్టి నేనే తెచ్చి తలుపు సందులోంచి వేస్తాను. వేసి పరుగెత్తుకు వచ్చేస్తాను. నాకు యాభై ఒకటి.

నిన్న మా ఆడపడుచు థర్జా లాంగ్‌టన్ నుంచి టీకి వచ్చింది. మీ ఉత్తరం చూపించాను. "మీరు తప్ప ఎవరూ చూడని చోట" అంటే ఎక్కడో ఇద్దరికీ అర్థం కాలేదు. పోనీలే అని, ఆదివారం నాటివి రెండు అట్లు మిగిలితే చీజు పెట్టి కాల్చి, మా అమ్మ పళ్లెంలో పెట్టి ఇచ్చాను. లాంగ్‌టన్ పింగాణీ కార్ఖానాల ఊరు, అక్కడి వాళ్ళ సంగతి మీకు తెలుసుగా. చావుకి వెళ్ళినా ముందు టీ సాసరు తిప్పి ఏ కార్ఖానా ముద్రో చూడందే కూర్చోరు. థర్జా పళ్లెం ఎత్తింది. అట్లు ఉన్నాయని మరిచిపోయి, తల మీదికెత్తి, వెలుతురుకి తిప్పింది.

మొదటి అట్టు టోపీ మీద పడింది. రెండోది కింద పడుతుంటే పిల్లి అందుకుంది.

"వదినా," అంది, చీజు చెవి మీదికి కారుతుంటే. "ఇది కార్ఖానా ముద్ర కాదే."

"మా అమ్మ పనిచేసిన కార్ఖానాది. నలభై ఏళ్ళుగా అక్కడే ఉంది. నువ్వు ముందు టోపీ తియ్యి."

"టోపీకేం తొందర? చివర జే. టి. అని ఉంది. మీ అమ్మ పేరు జే. టి.నా?"

"కాదు."

"మరి నీ కళ్ళజోడేది?"

జేబెజ్ గారూ, పళ్లాలు కడిగేటప్పుడు ఆవిరి పడుతుందని నేను కళ్ళజోడు తీసేస్తాను. ఈ ఊళ్ళో పుట్టిన ప్రతి మనిషిలాగే నేనూ హోటల్లో, పెళ్ళిలో, ఆస్పత్రిలో, దొరికిన ప్రతి పళ్లెమూ తిప్పి చూశాను. మా ఇంటి పళ్లెం మాత్రం ఎన్నడూ చూడలేదు. దాని వెనక ఏముందో నాకు తెలుసు కదా అని.

కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చదివాను. ముద్ర ఉండాల్సిన చోట, చిన్న నీలం చుట్టలో, చీమల బారులా: "మీ పళ్లెం నా చేతిలో పగిలింది. ఇది నేను చేసింది. ఏడో అట్టు నాది. మీ బల్ల దగ్గర తినమంటే పిలవండి. వద్దంటే తిప్పి పంపండి. జే. టి."

నేను అక్టోబరులో దగ్గుతో మూడు వారాలు థర్జా ఇంట్లో పడి ఉన్నప్పుడు పళ్లెం మీ గట్టు మీదే ఉండిపోయింది. అప్పుడే అయి ఉంటుంది. తర్వాత ముందువైపు తిప్పి చూశాను. నీలం అంచు గీసేటప్పుడు మా అమ్మ తుమ్మిందట, ఒకచోట గీత వణికి ఉంటుంది. మీరు ఆ తుమ్ము కూడా గీశారు. ఆ వంకర మీద వేలు పెట్టి చూసుకున్నాను. వాన పడుతోంది. థర్జా అప్పటికి గానీ టోపీ తీయలేదు. తీసి బల్ల మీద పెట్టి, "మా అన్నయ్య పోయి పదకొండేళ్ళయింది వదినా. ఆ మనిషి చేత ఇంక మాడ్పించకు," అంది.

కాబట్టి నేను తిప్పి పంపిన అట్టు తిప్పి పంపినట్టు కాదు. అట్లు ఆరూ మీరే పట్టుకుని, ఏడోదీ పట్టుకుని, ఆదివారం కిటికీ మూశాక మా వెనక గుమ్మానికి రండి. చీజు, బేకన్, మంట నావి. ఏడోదానికి ఏమీ పెట్టను, సగం సగం చుట్టుకుని కిటికీ దగ్గర నిలబడదాం. పెనం కింద మంట ఆర్పకండి, వచ్చే వారానికి కావాలి.

మీ,
హెస్టర్

తా.క. అర్జీలో నలభై నాలుగో సంతకం చేశాను. మాలీసు తాతకి కొత్త కోటే కొనమని చెప్పండి. క్లూలో గారమ్మాయి అక్కయ్యకి నేను చెప్పుకుంటాను, మీరు బస్తాల వెనక నుంచి బయటికి రావచ్చు.

మరో తా.క. శనివారం నా పళ్లెం మీ గట్టు మీదికి రాదు. బల్ల మీద బోర్లించి ఉంది, తిప్పబుద్ధి కావడం లేదు. అట్లు తేవడానికి ఇంకో పళ్లెం మీరే చూసుకోండి. అది కూడా ముందు తిరగేసి చూశాకే తీసుకుంటాను.